పున్నారావు మీద వాకబు

పున్నారావు శావల్యాపురం వైపు నుంచి మా దాచేపల్లికి వచ్చినప్పుడు అతని చేతిలో ఒక రేకు పెట్టె, అందులో పదో తరగతి పాసైన కాగితం ఉన్నాయి. నోట్లో నాలుక ఉందో లేదో ఎవరికీ తెలియదు. సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర పనికి కుదిరాడు. గని నుంచి సున్నపురాయి వేసుకొచ్చిన లారీ కాటా మీదికెక్కితే ఎన్ని టన్నులు తూగిందో చూసి రాయడం అతని పని. ఫ్యాక్టరీ పేరు నేనిక్కడ రాయను. మా చుట్టుపక్కల ఉన్నవాటిలో ఏదైతేనేం. మా గోడకు ఆనుకున్న ఇంట్లో అద్దెకు దిగి, పెదకూరపాడు పిల్ల సుబ్బులమ్మను పెళ్ళి చేసుకొని తెచ్చుకున్నాడు.

మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, పేకాట జోలికి పోడు, భార్య మీద చెయ్యెత్తిన చప్పుడు మా ఇంటికి ఎన్నడూ వినపడలేదు. అయినా అతని మీద నాకెప్పుడూ ఒక కన్ను ఉండేది. ఏమీ చెప్పని మనిషి లోపల ఏదో ఒకటి దాచుకునే ఉంటాడని నా అనుమానం. జీతాలు పెంచుతారటగదా అని అడిగితే "ఏమోనత్తా" అంటాడు. ఫలానా కాంట్రాక్టరు లారీలు రానివ్వడం లేదటగదా అంటే "నాకు తెలవదత్తా" అంటాడు. తెలుసని మొహం చెబుతూనే ఉంటుంది.

అదే ఫ్యాక్టరీలో బస్తాలు బయటికి పంపే చోట పనిచేసే పిచ్చియ్య ఉన్నాడు. సాయంత్రం బస్సు దిగి మా నాపరాళ్ళ అరుగు మీద కూర్చున్నాడంటే ఫ్యాక్టరీ మొత్తం మా ముందు విప్పి పరిచేవాడు. ఎవరిని పనిలోంచి తీసేస్తారో, ఏ ఇంజినీరుకు ఎవరితో పడదో, గోడౌన్లో సరుకు ఎంత తక్కువుందో, మేనేజరుకంటే మాకే ముందు తెలిసేది. అతనొస్తే టీ పెట్టబుద్ధయ్యేది. పున్నారావు వస్తే మంచినీళ్ళు ఇచ్చేదాన్ని.

పెళ్ళయి ఎనిమిదేళ్ళు దాటినా పున్నారావు దంపతులకు పిల్లలు లేరు. అతని తల్లి ఊరి నుంచి వచ్చినప్పుడల్లా గడపలో కూర్చొని, వాళ్ళ వైపు ఎవరెవరు రెండో పెళ్ళి చేసుకొని బిడ్డల్ని ఎత్తుకున్నారో కోడలికి వినపడేట్టు ఏకరువు పెట్టేది. లోపల సుబ్బులమ్మ గిన్నెల్ని అవసరానికి మించి తోమేది. పున్నారావు మాత్రం తల్లిని కాదనడు, భార్యను ఊరుకోమనడు. అత్తగారు బస్సెక్కాక సుబ్బులమ్మ నిలదీస్తే "పోనీలే" అనేవాడు. పోనీలే అంటే ఏమనుకోవాలి? తల్లి మాట వదిలేయమనా, పెళ్ళాన్నే వదిలేస్తాననా? ఆ ఒక్క మాట పట్టుకొని సుబ్బులమ్మ వారం రోజులు నలిగేది.

మండలాలు వచ్చిన రెండేళ్ళకు, ఎండలు ముదిరే రోజుల్లో, ఒక కొత్త మనిషి లూనా మీద మా వీధిలోకొచ్చాడు. మొదట్లోనే ఉన్న గుల్జార్ బేగం కొట్టు ముందు ఆగి సోడా అడిగాడు. తాగుతూ తాగుతూ పున్నారావు మాట ఎత్తాడు. నడవడి ఎలాంటిది, కోపం ఎక్కువా, ఎవరితోనైనా తగాదాలున్నాయా, ఇంటి దగ్గర ఎలా ఉంటాడు అని అడిగి, సోడా డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

మా వైపు ఒక మగవాడి గురించి కొట్టు దగ్గర, ఇరుగుపొరుగు దగ్గర ఇలా అడిగారంటే అది పెళ్ళి సంబంధానికే. ఉద్యోగానికి ఇలా ఎవరూ అడగరు. ఉద్యోగానికి సిఫార్సు ఉంటుంది, లేకపోతే ఆఫీసులో మన కులం మనిషి ఉంటాడు. పోలీసులైతే సోడా తాగుతూ అడగరు, స్టేషనుకే రమ్మంటారు. గుల్జార్ బేగం కొట్టును కూతురికి అప్పగించి నేరుగా మా ఇంటికొచ్చింది.

"అక్కా, పున్నారావుకు రెండో సంబంధం చూస్తన్నారంట గదా."

"నీకెవరు చెప్పారే?"

"చెప్పేదేంది. పిల్లోడు ఎట్టాంటోడని పిల్లవైపోళ్ళు వచ్చి అడిగిపోతేనూ."

నేను వెంటనే నమ్మలేదు. నమ్మకుండానే గమనించడం మొదలుపెట్టాను. గమనిస్తే అన్నీ అటువైపే చూపించాయి. పున్నారావు నెల నుంచి ఆదివారాలు ఇంటిపట్టున ఉండడం లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొని పిడుగురాళ్ళ బస్సెక్కుతున్నాడు. ఎక్కడికయ్యా అంటే "పనుందత్తా" అంటాడు. ఆదివారం కాటా ఉండదు, పిడుగురాళ్ళలో అతనికి చుట్టాలూ లేరు. అద్దం ముందు ఎక్కువసేపు ఉంటున్నాడని సుబ్బులమ్మే ఒకసారి నవ్వుతూ అన్నది.

ఈ కబురు సుబ్బులమ్మకు నేను చెప్పలేదు. గుల్జార్ తనూ చెప్పలేదంటుంది. ఎలా చేరిందో గాని మర్నాటికల్లా చేరింది. ఆ సాయంత్రం మొగుణ్ణి అడిగేసి, కళ్ళు తుడుచుకుంటూ మా వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది.

"ఆ లూనా మనిషెవరో తెలుసా అనడిగానత్తా. తెలుసన్నాడు. దేనికొచ్చాడయ్యా అంటే ఇప్పుడు చెప్పకూడదన్నాడు."

"లేదనలేదా?"

"అవునని గూడా అనలేదు. ఊరికే ఒక అబద్ధమన్నా చెప్తే నేను అన్నం తిందును గదా. అది గూడా చెప్పడు."

ఆ మాటతో నా అనుమానం కూడా గట్టిపడింది. తెలిసీ చెప్పకూడని సంగతి ఇంకేముంటుంది? సుబ్బులమ్మకైతే ఇక అనుమానమే కాదు, అత్తగారు ముహూర్తం కూడా పెట్టించేసిందని ఖాయం చేసుకుంది. ఎనిమిదేళ్ళు అలికి ముగ్గులేసిన ఇల్లు తనది కాకుండా పోతున్నదని ఆమె భయం.

వారం తిరక్కుండా లూనా మళ్ళీ వచ్చింది. ఈసారి మనిషి సరాసరి మా అరుగు ముందే దిగాడు. కూర్చోబెట్టి మజ్జిగిచ్చాను. అతను నన్ను అడిగే లోపల నేనే అతన్ని అడిగాను. పేరు శౌరి అన్నాడు. ఊరు నరసరావుపేట అనీ, ఇంటావిడ పంతులమ్మ అనీ, ఇద్దరు ఆడపిల్లలనీ వరసగా చెప్పాడు. అంతవరకు గడగడా చెప్పినవాడు ఏ పని మీద వచ్చావయ్యా అనగానే గ్లాసు కింద పెట్టాడు.

"పనయ్యాక మీకే తెలుస్తుందమ్మా. ఇప్పుడు చెప్పకూడదు."

ఇద్దరిదీ ఒకటే మాట. ముందే కూడబలుక్కున్నారన్నమాట.

శౌరి ముందు పిచ్చియ్య గురించి అడిగాడు. ముగ్గురు పిల్లల తండ్రికి సంబంధమేమిటి అని ఒక్క క్షణం తికమకపడ్డాను. ఆలోచిస్తే అర్థమైంది, ఈ పెళ్ళికి పిచ్చియ్య మధ్యవర్తి అయి ఉంటాడు, అతని మాట నమ్మవచ్చా లేదా అని చూస్తున్నారు. నాకు పిచ్చియ్యంటే అభిమానమే గనుక ఉన్నదున్నట్టు చెప్పాను. మనసులో ఏదీ దాచుకోడు, ఫ్యాక్టరీలో చీమ చిటుక్కుమన్నా సాయంత్రానికి మాకు తెలియాల్సిందే, ఎవరొచ్చి ఏమడిగినా కాదనడు, సొంత పని మానుకొనైనా వాళ్ళ పని చేసిపెడతాడు అన్నాను. శౌరి తల ఊపుతూ విన్నాడు. మెచ్చుకున్నాడో లేదో మొహం చూస్తే తెలియలేదు.

తర్వాత పున్నారావు వంతు వచ్చింది. అతని గురించి నేనేం చెప్పను, అతను నాకేదైనా చెబితే గదా అన్నాను. ఆ మాట పూర్తికాక ముందే సుబ్బులమ్మ తన గుమ్మంలోంచి కొంగు బిగించుకొని వచ్చి మా మధ్య నిలబడింది.

"నన్నడగండి. ఎనిమిదేళ్ళు కాపరం చేసినదాన్ని. నాకంటే ఎవరికి తెలుసుద్ది?"

శౌరి లేచి నిలబడి, చెప్పమ్మా అన్నాడు.

సంబంధం చెడగొట్టాలంటే మనిషిలోని లోపాలు చెప్పాలి. పున్నారావుకు తాగుడు అంటగడదామంటే వీధిలో ఎవరూ నమ్మరు. అందుకని సుబ్బులమ్మ ఉన్న లోపాలే ఏరి ఏరి చెప్పింది. ఆ మనిషితో కాపరమంటే గోడతో కాపరమే అన్నది. కాటా దగ్గర ఎవరి లారీ ఎంత తూగిందో పక్కన పడుకునే పెళ్ళానికి కూడా చెప్పడు. ఆఫీసువాళ్ళు గది తాళం ఇస్తే స్నానానికి పోయేటప్పుడు కూడా మొలతాడుకు కట్టుకొని పోతాడు. తన అన్న అంకారావు లారీ తోలతాడు, ఒకసారి కాస్త ఎక్కువ తూగినట్టు రాయమని బావగదా అని అడిగాడు. రాయలేదు సరిగదా, ఇంకోసారి అడిగితే పైవాళ్ళకు చెబుతానన్నాడు. అంకారావు ఆ రోజు నుంచి తమ గడప తొక్కలేదు. పుట్టింటివాళ్ళ ముందు తనకు తలెత్తుకునే దారి లేకుండా చేశాడు. ఇలాంటి మనిషికి పిల్లనిచ్చుకుంటారా అన్నట్టు శౌరి మొహంలోకి చూసింది.

శౌరి మొహం చూస్తే నాకు ఇంకో అనుమానం పుట్టింది. లోపాలు వింటున్నకొద్దీ అతని కళ్ళు వెలుగుతున్నాయి. అంత గతిలేని సంబంధమా, లేక పిల్లలో ఏదైనా లోపముందా?

సుబ్బులమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. ఒకసారి ఒక లారీ తూకం తప్పు రాశాడనీ, ఎవరూ చూడకపోయినా తనే పోయి చెప్పుకొని పైవాళ్ళ చేత తిట్లు తిని వచ్చాడనీ, బతకడం చేతకాని మనిషనీ అన్నది.

శౌరి ఇక్కడ ఒక్క ప్రశ్న వేశాడు.

"ఆ తప్పును దిద్దేసినాక చెప్పాడామ్మా, చెప్పినాక దిద్దాడా?"

సుబ్బులమ్మ నా వైపు చూసింది. ఇదేం ప్రశ్న అని నేనూ నోరు తెరిచాను.

"అసలు చెరపనేలేదయ్యా. తప్పు మీద సన్నగా ఒక గీత కొట్టి, పక్కన ఒప్పు రాసి, సంతకం పెట్టి పట్టుకుపోయాడంట. చెరిపితే అక్కడ ఏముండేదో రేపు చూసేవోళ్ళకు ఎట్టా తెలుసుద్ది అంటాడు. తన తప్పును తనే అందరికీ కనపడేట్టు ఉంచుకునే మనిషిని యాడన్నా చూశారా?"

"చాలమ్మా. చానా మేలు చేశారు" అని శౌరి లూనా వైపు నడిచాడు.

మేలు అన్న మాట సుబ్బులమ్మకు గుచ్చుకుంది. వెనకాలే పోయి హ్యాండిల్ పట్టుకుంది. "ఆ పిల్ల నాయనకు చెప్పండి. నేను ఈ ఇంట్లో ఉండగా ఇంకొక ఆడది రాదు."

శౌరికి అప్పటికి గాని విషయం బోధపడలేదు. తను సంబంధానికి రాలేదనీ, తనకు అలాంటి పనే లేదనీ నెత్తి మీద చెయ్యి పెట్టుకొని చెప్పాడు. మరి దేనికొచ్చావని నేనడిగాను. అది మాత్రం చెప్పకూడదన్నాడు. అలా అన్న మనిషిని ఎవరు నమ్ముతారు? మేమైతే నమ్మలేదు.

ఆ పూటే సుబ్బులమ్మ బట్టలు మూటగట్టి గుమ్మం పక్కన పెట్టింది. నువ్వు పోతే వాళ్ళకు దారిచ్చినట్టేనని నేను ఆపాను. మూట విప్పనూ లేదు, పోనూ లేదు. ఇంటికొచ్చిన పున్నారావు మూటను చూశాడు, దాని పక్కనుంచి లోపలికి నడిచాడు. ఊరికి పోతున్నావా అన్నాడట, పోయేదానివి రెండు రోజులాగి పో అన్నాడట. ఆ రెండు రోజుల్లో ఏముందోనని గుల్జార్ బేగం పంచాంగం ఉన్న ఇంటికి పోయి అడిగొచ్చింది. ముహూర్తాలు ఉన్నాయనే చెప్పారు.

మూడోనాడు సాయంత్రం పిచ్చియ్య బస్సు దిగి వచ్చాడు. ఎప్పుడూ అరుగెక్కి కూర్చునేవాడు ఆ రోజు వీధిలోనే నిలబడ్డాడు.

"నా నోటికాడి కూడు తీశావు గదా పెద్దమ్మా."

"నేనేం చేశానురా?"

"నా గురించి ఆ శౌరి గారికి ఏం చెప్పావు?"

"అంతా మంచే చెప్పాను."

"అదే. ఆ మంచే నన్ను ముంచింది."

ఆపైన పిచ్చియ్య అలవాటు కొద్దీ ఏదీ దాచుకోకుండా చెప్పాడు. ఫ్యాక్టరీలోకి కంప్యూటర్ వస్తున్నదని ఇదివరకే మా అరుగు మీద చెప్పాడు, మేమే పట్టించుకోలేదు. ఇప్పుడు దానికోసం రికార్డు సెక్షన్ అని కొత్తగా పెట్టారట. గనివాళ్ళు ఒక లెక్క చెబుతారు, కాటావాళ్ళు ఇంకొకటి చెబుతారు, బస్తాల లెక్క దేనికీ పొంతన కుదరదు. ఏది నిజమని పైనుంచి అడిగితే ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. ఇక మీదట అన్ని లెక్కలూ ఆ గదిలో చేరాలి, అక్కడున్న మనిషి చెప్పిందే లెక్క. అతని సంతకం లేకుండా ఎంతటి వాడైనా ఒక్క అంకె మార్చకూడదు. పనిలేనివాణ్ణి అందులోకి తొంగిచూడనివ్వకూడదు. ముందు ఎవరో పెద్ద ఆఫీసరు బావమరిదిని వేశారట. ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చు. గోడౌన్లో సరుకెంతుందో బయటి వ్యాపారులకు చెప్పేవాడు, మంచివాడనిపించుకోవడానికి అడిగినవాళ్ళకల్లా అంకెలు సర్దిపెట్టేవాడు. దాంతో మేనేజరు ఈసారి సిఫార్సులన్నీ పక్కన పడేశాడు. మిషను మీద కొట్టడం ఎవరికైనా నేర్పించవచ్చు, నోరు కట్టుకోవడం, కాదనడం నేర్పించలేము, అది ఇంటి దగ్గరే తెలుస్తుంది, పున్నారావు, పిచ్చియ్య ఇద్దరి గురించీ పోయి వీధిలో అడిగి రమ్మని శౌరిని పంపాడు.

"మరి పున్నారావుకు ముందే తెలుసంటగా. నీకెందుకు చెప్పలేదురా?"

"అతను టైపు నేర్చుకోవాల గదా, ఆదివారాలు పిడుగురాళ్ళ పంపించారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నాకు చెప్తే సాయంత్రానికి మీ అరుగు మీద ఉంటదని నాకు చెప్పనేలేదంట."

నిజం చెప్పాలంటే ఇందులో కాదనడానికి ఏమీ లేదు. టీ ఇచ్చాను. తాగకుండా పోయాడు. మళ్ళీ రెండు రోజులకు వచ్చి, కంప్యూటర్ గదికి చల్లటి గాలి వచ్చే మిషను బిగిస్తున్నారనీ, చెప్పులు బయట విడిచి పోవాలనీ చెప్పాడనుకోండి.

గుమ్మంలో నిలబడి అంతా విన్న సుబ్బులమ్మ మొదట ఏడ్చింది, తర్వాత నవ్వింది, పున్నారావు రోడ్డు మలుపు తిరిగేసరికి మళ్ళీ మొహం ముడిచింది. పెళ్ళి భయం పోయాక కోపానికి జాగా దొరికింది. వాళ్ళ గుమ్మానికీ మా గుమ్మానికీ మధ్య ఒక్క గోడ. నేను చేటలో బియ్యం పోసుకొని ఏరుతూ కూర్చున్నాను.

అతను వస్తూనే కాలికి తగిలిన మూటను పక్కకు జరిపి, ఉద్యోగం ఖాయమైందన్నాడు.

"ఊరంతా తెలిశాక నాకు చెప్తన్నావు."

"చెప్పొద్దన్నారే. మాటిచ్చాను."

"నేను మూట కట్టుకున్నా గూడా చెప్పలేదు. నేను పోతే ఏం చేసేవాడివి?"

"రెండు రోజులాగమన్నాగా."

సుబ్బులమ్మ చెంబు విసిరేస్తుందేమో అనుకున్నాను. విసరలేదు. గొంతు తగ్గించి అడిగింది. నేను బియ్యం కదపడం ఆపాను.

"ఇప్పటిదాకా ఊరికే దాచావు. ఇక దాచినందుకు జీతమిస్తారంట. ఫ్యాక్టరీ సంగతులు నాకొద్దు. ఇంటి సంగతి ఒకటి చెప్పు. మీ అమ్మ నీకు ఎప్పుడన్నా సంబంధం చూసిందా?"

ఏమోననలేదు, పోనీలే అననూ లేదు.

"చూసింది. పోయినేడు. ఒద్దని నేనే వాళ్ళింటికి పోయి చెప్పొచ్చా."

"నాతో ఎందుకు చెప్పలే?"

"చెప్తే అమ్మతో నీకు మాటలుండవు. ఆ పిల్ల పేరు గూడా నలుగురి నోళ్ళలో పడుద్ది."

"ఎవరా పిల్ల?"

"చెప్పను."

"నాకు గూడానా?"

"నీకు గూడా."

గోడ ఇవతల నాకే ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళకు నోరు తెరిచి అసలు సంగతి దగ్గర మూసుకున్నాడు. ఇంత దాచుతున్నాడంటే ఆ కథ అక్కడితో ఆగిందో లేదో అని కూడా అనిపించింది. సుబ్బులమ్మ ఇప్పుడు వదలదు, పేరు రాబట్టి తీరుతుంది అనుకున్నాను.

"ఆ పిల్లకు పెళ్ళయిందా?" అని అడిగింది.

"ఇంకా కాలే."

"అయితే చెప్పమాక" అన్నది సుబ్బులమ్మ. మూట తీసుకొని లోపలికి పోయిన గాజుల చప్పుడు వినపడింది.

ఆమె మనసు మార్చుకొని మళ్ళీ అడుగుతుందేమోనని నేను చేట ఒళ్ళో పెట్టుకొని ఇంకొంచెంసేపు అక్కడే కూర్చున్నాను. అడగలేదు.